ఒక్క వేలు

ఇది కళ్ళద్దాలావిడ చూపుడువేలి కథ. చాలా చిన్నది. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేలోపు చెప్పేయొచ్చు. కాకపోతే ఆ వేలి సంగతి చెప్పాలంటే ముందు స్టూళ్ళ సంగతి చెప్పాలి. స్టూళ్ళ సంగతి చెప్పాలంటే టైపు మాస్టారి పిసినారితనం సంగతి చెప్పాలి. అది మొదలుపెడితే పాలు పొంగడం కాదు, గిన్నె మాడిపోతుంది. అయినా తప్పదు.

టైపు మాస్టారికి ఇనుప సామాన్ల కొట్టు పైన ఒక పొడవాటి గది ఉంది. ఒకప్పుడు అందులో పద్నాలుగు టైపు మిషన్లు టకటకలాడుతుండేవి. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని చెడిపోతారని ఆయన బల్లలన్నీ గోడలకు ఆనించి, అందరినీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. అలా కూర్చుని కూడా మూడు జంటలు ప్రేమించి పెళ్ళి చేసుకున్నాయి, అది వేరే సంగతి. ఒక ఏడాది రెండు స్టూళ్ళు మాయమయ్యాయి. మాస్టారు మూడు రోజులు తిండి మానేశాడు. నాలుగో రోజు మేస్త్రీని పిలిపించి, మిగిలిన స్టూళ్ళన్నిటినీ నేలకు బోల్టులతో బిగించి, మీద సిమెంటు పోయించాడు. ఇప్పుడు టైపు నేర్చుకునేవాడు లేడు. మిషన్లు గుడ్డ తొడుగులు కప్పుకుని పడుకున్నాయి. స్టూళ్ళు మాత్రం భూకంపం వచ్చినా కదలవు.

ఆ గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అయిదుగురు రచయితలు కలుస్తారు. రచయితలని వాళ్ళనుకుంటారు. కింద ఇనుప కొట్టువాళ్ళు ‘గోడ బ్యాచీ’ అంటారు.

మాస్టారు నవల రాస్తున్నాడు. తొమ్మిది వందల పేజీలయింది, కథానాయకుడు ఇంకా బస్సు దిగలేదు. పోస్టుమ్యాన్ కవిత్వం రాస్తాడు. పత్రికలకు పంపినవి తిరిగొస్తే తన సంచిలోనే మోసుకొచ్చి, తన ఇంటి తలుపు తనే కొట్టి, తనే అందుకుంటాడు. రిటైరైన నర్సమ్మవి ప్రేమ కథలు. వాటిలో ప్రేమించుకున్న వాళ్ళందరికీ చివరి పేజీలో జ్వరం వస్తుంది. బేకరీ ఆయన ఏం రాస్తాడో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. తెల్లవారక ముందే లేచి పిండి కలిపే మనిషి కాబట్టి, మిగతావాళ్ళు చదువుతున్నంతసేపూ గురక పెడతాడు. ఒకసారి తన కథ తనే చదువుతూ కూడా నిద్రపోయాడు. దానికి మంచి మార్కులే వచ్చాయి.

అయిదో మనిషి మన కళ్ళద్దాలావిడ. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా పలక మీద అక్షరాలు చదివించి, ఏ అద్దం పెడితే ఏ వరస కనిపిస్తోందో రాసుకుంటుంది. పద్నాలుగేళ్ళుగా కథలు రాస్తోంది. ఒక్కటీ అచ్చు కాలేదు. సగం ఊరికి చదివే చూపు ఇచ్చింది తనే. తను రాసింది చదివినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇక ఈ బ్యాచీ పద్ధతి. మొదట్లో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుని చదువుకునేవాళ్ళు. నర్సమ్మది పుట్టుకతోనే ఇంజెక్షన్ ఇవ్వబోయే మొహం. ఆవిడ చెడ్డది కాదు, మొహమే అంత. పోస్టుమ్యాన్ ఒక కవిత చదువుతూ నాలుగో పాదం దగ్గర తల ఎత్తి ఆ మొహం చూశాడు. అయిదో పాదానికి ఏడ్చేశాడు. ఆరోజే నియమం పెట్టుకున్నారు. వినేవాళ్ళు స్టూళ్ళ మీద గోడవైపు తిరిగి కూర్చోవాలి. చదివేవాళ్ళు గది మధ్యలో మాస్టారి తిరుగుడు కుర్చీలో కూర్చుని, పలకరింపులేవీ లేకుండా నేరుగా చదవడం మొదలుపెట్టాలి. చివర్లో “అయిపోయింది” అనాలి. అప్పుడు వినేవాళ్ళు వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి తల మీదికి ఎత్తి వేళ్ళు చూపిస్తారు. బాగా లేకపోతే ఒకటి. అద్భుతమైతే అయిదు. చదివినవాళ్ళు వెనకనుంచి లెక్కపెట్టి, మొత్తం ఎంతో పైకి చెప్పి, “తిరగండి” అంటారు. ఆ మాట వినిపించేదాకా ఎవరూ తల తిప్పకూడదు. ఆరేళ్ళలో ఒక్కరు కూడా తిప్పలేదు. ఫోన్లు కూడా కింద మెట్ల దగ్గర డబ్బాలో పడేసి రావాలి. గుళ్ళో దేవుడికి లేని నియమాలు వీళ్ళకున్నాయి.

కళ్ళద్దాలావిడ ఎవరికైనా ఒక్క వేలే చూపించేది. కథ బాగున్నా ఒకటే, బాగా లేకపోయినా ఒకటే. ఒకళ్ళకు అయిదూ ఎత్తి చూపిస్తే ఇంక తన కథకు ఏం మిగులుతుందని ఆవిడ లెక్క. తనకు మాత్రం ఎప్పుడూ ఏడో ఎనిమిదో వచ్చేవి. ఇంటికెళ్ళి, లోకంలో ఈర్ష్య పెరిగిపోయిందని మొగుడి దగ్గర వాపోయేది.

ఇప్పుడు అసలు విషయం. ఒక పెద్ద ప్రచురణ సంస్థ కొత్తవాళ్ళ కథలతో పుస్తకం వేస్తామని ప్రకటించింది. ఒక్కో రచయితల బృందం నుంచి ఒక్క కథే పంపాలి. సరే, ఒక ఆదివారం పెట్టుకుని అయిదుగురూ చదువుదాం, ఎవరికి ఎక్కువ వేళ్ళు లేస్తే వాళ్ళది పంపుదాం అనుకున్నారు.

ఆరోజు బయల్దేరుతుంటే కళ్ళద్దాలావిడ భర్త, బస్సు డిపోలో మెకానిక్, చేతులకు గ్రీజు తుడుచుకుంటూ అడిగాడు.

“ఏమోయ్, ఈసారి కూడా గొడుగు కథేనా?”

“అదే.”

“ఆ గొడుగు ఇంకా దొరకలేదా?”

“దొరికితే ఇంక కథేముంది?”

“ఈపాటికి నేను నాలుగు కొని పెట్టేవాణ్ణి కదే.”

ఆవిడ చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది. “ఈసారి కూడా అచ్చులో రాకపోతే నేనింక రాయనండీ. పెన్ను పారేస్తాను.”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. పద్నాలుగేళ్ళలో ఆవిడ ఆ మాట అనలేదు.

గొడుగు కథ పదకొండు కాగితాలు. ఒకావిడ బస్సులో గొడుగు మర్చిపోతుంది. దొరికిన వస్తువులు దాచే ఆఫీసుకు వెళ్తే, గుమాస్తా ఏ రంగు గొడుగని అడుగుతాడు. ఆవిడకు గుర్తురాదు. పిడి ఎలా ఉంటుందని అడుగుతాడు. గుర్తురాదు. తన వస్తువు దేన్నీ తను ఏనాడూ సరిగ్గా చూడలేదని ఆవిడకు అప్పుడు తెలుస్తుంది. అంతే. మంచి కథే, కానీ ఎక్కడో ఒక మెట్టు తక్కువ. ఆ సంగతి కళ్ళద్దాలావిడకూ తెలుసు. పన్నెండుసార్లు తిరగరాసినా ఆ మెట్టు ఎక్కడ తగ్గిందో దొరకలేదు.

ఆ ఆదివారం పొద్దుటి నుంచీ ముసురు. జల్లు లోపలికి కొడుతోందని మాస్టారు కిటికీలన్నీ మూసి గడియలు పెట్టాడు. గదిలో పాత రిబ్బన్ల సిరా వాసన, మిషన్ నూనె వాసన, తడిసిన బట్టల వాసన కలిసిపోయాయి. చీటీలు వేశారు. కళ్ళద్దాలావిడకు చివరి వంతు వచ్చింది.

మాస్టారు చదివాడు. బస్సు ఇంకో స్టాపు దాటింది. పదకొండు. పోస్టుమ్యాన్ వాన మీద కవిత చదివాడు, బయట వాన అంతకంటే బాగుంది. పదమూడు. నర్సమ్మ కథలో ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. పద్నాలుగు. బేకరీ ఆయనకు పన్నెండు. వినేవాళ్ళు నలుగురు, నాలుగయిదులు ఇరవై. కానీ కళ్ళద్దాలావిడ ఒక్క వేలి పుణ్యమా అని ఎవరూ పదహారు దాటే వీల్లేదు.

పద్నాలుగు దాటాలి, అంతే అనుకుంది ఆవిడ. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని సర్దుకుంది. బేకరీ ఆయన మూలనున్న తన స్టూలు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ లేవబోయింది.

కరెంటు పోయింది.

సాయంత్రం నాలుగున్నరే. కానీ ముసురుకు తోడు మూసిన కిటికీలు. గదిలో పక్కవాళ్ళ మొహం కూడా ఆనడం లేదు.

“ఎవరూ లేవకండి. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. చీకట్లో తడుముకుంటూ ఎవరైనా మిషన్ పడేశారంటే నా ప్రాణం పోతుంది” అన్నాడు మాస్టారు.

“మిషన్ పోతుందంటే అర్థముంది, మీ ప్రాణమెందుకు పోతుంది మాస్టారూ?” అన్నాడు పోస్టుమ్యాన్.

“రెండూ ఒకటే.”

నవ్వారు. నవ్వు ఆగాక వాన చప్పుడొక్కటే మిగిలింది. రేకు మీద, గొట్టంలో, కింద కాలవలో. ఒక నిమిషం అయిందో, రెండయ్యాయో.

గది మధ్యలో మాస్టారి కుర్చీ కిర్రుమంది.

ఆ కుర్చీలో ఒక స్ప్రింగు వదులు. ఎవరు కూర్చున్నా అలాగే కిర్రుమంటుంది. తర్వాత కాగితాల రెపరెప. చుట్టూ స్టూళ్ళ మీద అందరూ గోడవైపు సర్దుకుని కూర్చున్న అలికిడి వినిపించింది. అలవాటు కొద్దీ కళ్ళద్దాలావిడ కూడా గోడవైపు తిరిగింది. తిరిగాక ఒళ్ళు మండింది. ఇది నా వంతు కదా! ఎవరు లాక్కున్నారు?

గొంతు మొదలైంది.

పెద్దగా లేదు, తొందరా లేదు. ఆడగొంతో మగగొంతో చెప్పడం కష్టం. ఎక్కడో విన్నట్టే ఉంది... రోజూ విన్నట్టు. ఎవరిదో మాత్రం తట్టలేదు.

“ఆమె బస్సు దిగి నాలుగడుగులు వేశాక, తల తడుస్తోందని తెలిసింది...”

కళ్ళద్దాలావిడ చెయ్యి ఒళ్ళోకి పోయింది. కాగితాలు అక్కడే ఉన్నాయి. చీకట్లోనే ఒక్కొక్కటీ మూల పట్టుకుని లెక్కపెట్టింది. పదకొండు. అన్నీ ఉన్నాయి. అటు గొంతు ఆ కాగితాల్లోని మొదటి వాక్యం చదివేసి, రెండో వాక్యంలోకి వెళ్ళింది. రెండోదీ తనదే. మూడోదీ తనదే.

దొంగలు. ఎవరో తన సంచిలోంచి తీసి, నకలు రాసుకున్నారు. నర్సమ్మే అయి ఉంటుంది. ఆ మొహం చూస్తేనే తెలుస్తుంది. ఆవిడ పళ్ళు బిగించి విన్నది.

వింటుంటే కోపం నెమ్మదిగా ఇంకో రంగులోకి తిరిగింది. కథ తనదే. కానీ తను రాసినట్టు లేదు. తను మూడు వాక్యాల్లో తడుముకున్న చోట ఆ గొంతు ఒక్క మాటతో దాటిపోతోంది. తను బరువనుకుని దించేసినవి అది ఎత్తుకుని నడుస్తోంది. ఆఫీసు వచ్చింది. గుమాస్తా వచ్చాడు. రంగు అడుగుతాడు ఇప్పుడు, అనుకుంది.

అడగలేదు.

“గుమాస్తా పుస్తకం మూసి, ఆమె వైపు చూశాడు. ‘గొడుగొక్కటే మర్చిపోయారా... దాని కింద ఉన్న మనిషిని కూడానా?’”

నర్సమ్మ ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

ఎడమ గోడ దగ్గర నుంచి.

అయితే చదివేది నర్సమ్మ కాదు. పోస్టుమ్యాన్ తడిసిన బూటు నేల మీద కీచుమంది. అది కుడివైపు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. అది కిటికీ దగ్గర. ఇక మిగిలింది బేకరీ ఆయన. ఆయన గురక వినిపించడం లేదు. అమ్మయ్య, ఆయనే అన్నమాట అనుకుంది. అనుకుంటుండగానే మూలనుంచి ఆయన దగ్గాడు. ఆరేళ్ళలో మొదటిసారి, మనిషి మెలకువగా ఉండి వింటున్నాడు.

నలుగురు. నలుగురూ గోడల దగ్గరే ఉన్నారు.

అయిదో మనిషి తను.

గొంతు చదువుతూనే ఉంది. ఈ చీకట్లో... ఏ వెలుగులో చదువుతోంది?

వెనక్కి తిరగొచ్చు. మెడ కొంచెం తిప్పితే చాలు. తిప్పలేదు. నియమం కదా అని తనకు తను చెప్పుకుంది. నియమం కాదు. మెడ వెనక వెంట్రుకలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. తడిసిన కాగితం వాసన, ఎక్కడో చాలా ఏళ్ళు మూసిపెట్టిన వాసన, మెల్లగా గది నిండుతోంది.

“అయిపోయింది” అంది గొంతు.

చుట్టూ బట్టల రెపరెపలు. చేతులు లేస్తున్నాయి.

ఆవిడా చెయ్యెత్తింది. ఎందుకెత్తావని తర్వాత ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేది. అలవాటే అనుకోండి. కానీ వేళ్ళ సంగతి మాత్రం అలవాటు కాదు. ఆ కథ అయిదుకు అయిదు. తను పద్నాలుగేళ్ళుగా రాయాలనుకున్న కథ అది, తను కాక ఇంకెవరో చెప్పేశారు. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు. తెలిసే, చూపుడువేలు ఒక్కటి లేపి, మిగతా నాలుగూ పిడికిట్లో మడిచింది.

కుర్చీ కిర్రుమంది. లేచింది.

అడుగులు. చెప్పుల్లేని అడుగులు... తడిగా, నేలకు అంటుకుని వదులుతున్నట్టు. ఎప్పుడైనా కూర్చున్న చోటు నుంచే వేళ్ళు లెక్కపెట్టడం పద్ధతి. చీకటి కదా. తాకి లెక్కపెడుతోంది.

“అబ్బ!” అన్నాడు కిటికీ దగ్గర మాస్టారు. “మంచులా ఉన్నాయి.”

అడుగులు కదిలాయి.

పోస్టుమ్యాన్ కిచకిచ నవ్వాడు. “మెల్లగా అక్కా, చక్కిలిగిలి.”

అక్కా అన్నాడు. ఈ గదిలో పోస్టుమ్యాన్ అక్కా అని పిలిచేది ఒక్కర్నే.

కళ్ళద్దాలావిడ రెండో చేత్తో ఒళ్ళోని కాగితాలు అదిమి పట్టుకుంది.

అడుగులు ఆవిడ వెనకనుంచి దాటి, ఎడమవైపు వెళ్ళాయి. నర్సమ్మ గుసగుసగా అంటోంది. “ఇంత చల్లగా ఉన్నాయేంటే తల్లీ నీ చేతులు? రక్తం తక్కువగా ఉందేమో, రేపొకసారి చూపించుకో...”

అందరూ తనే అనుకుంటున్నారు. తన వంతు కదా. తన గొడుగు కదా. తన గొంతు...

అప్పుడు తట్టింది ఆ గొంతు ఎవరిదో. ఎవరి గొంతు వాళ్ళకు బయటినుంచి వినిపించదు. అందుకే పోల్చుకోలేకపోయింది.

మూల బేకరీ ఆయన దగ్గర అడుగులు ఆగాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వెళ్ళిపోయిందేమో...

చూపుడువేలి కొస మీద ఏదో ఆనింది.

వేలు కాదు. వేలులాంటిది. చలి గోరులోంచి దిగి, కణుపులోంచి దిగి, వేలి మొదటి దాకా వచ్చి ఆగింది. అది అక్కడే ఉండిపోయింది. రెండో వేలి కోసం వెతుకుతోంది. పిడికిలి మీద మెల్లగా తడిమింది. ఇటు తడిమింది. అటు తడిమింది.

చెవి పక్కనే, తన గొంతుతోనే...

“ఒకటేనా?”

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

మడిచిన నడివేలి కింద ఏదో దూరి, నెమ్మదిగా పైకి లేపబోయింది. బలవంతం లేదు. బతిమాలుతున్నట్టు. చంటిపిల్ల గుప్పిట్లోంచి బొమ్మ తీసుకుంటున్నట్టు.

“ఇంకొక్కటి...”

పిడికిలి ఇంకా బిగించింది. గోళ్ళు అరచేతిలో దిగాయి.

“ఒక్కటే” అంది, పెదవులు కదపకుండా. “నేనెవరికైనా ఒక్కటే.”

చెవి దగ్గర గాలి ఆగింది. అదేం చేసిందో చెప్పలేం. నవ్విందేమో. తర్వాత చలి వేలి మీదనుంచి లేచింది. గది మధ్యనుంచి, అందరికీ వినిపించేలా...

“ఇరవై ఒకటి.”

అంతే. “తిరగండి” అనలేదు. ఎవరూ తిరగలేదు. ఎత్తిన చేతులు దించలేదు. వాన కురుస్తూనే ఉంది. ఎంతసేపు గడిచిందో మాస్టారి గోడ గడియారానికే తెలియాలి, అది పదేళ్ళ కిందటే ఆగిపోయింది.

కరెంటు వచ్చింది.

ఒక్కొక్కరే తిరిగారు. కుర్చీ ఖాళీ. అది ఇంకా కొద్దికొద్దిగా తిరుగుతూ, ఆగింది. కళ్ళద్దాలావిడ తన స్టూలు మీద ఉంది, ఒళ్ళో పదకొండు కాగితాలతో.

“అప్పుడే వెళ్ళి కూర్చున్నావా అమ్మాయ్? పిల్లిలా నడుస్తావే!” అన్నాడు మాస్టారు. “ఇరవై ఒకటెలా వచ్చిందమ్మా? నలుగురమే కదా చేతులెత్తింది. సంతోషంలో లెక్క తప్పావు. ఇరవై. ఇరవైకి ఇరవై!”

“కాగితం చూడకుండా చదివేశావక్కా” అన్నాడు పోస్టుమ్యాన్.

“వదినా, నిద్ర పట్టలేదు” అన్నాడు బేకరీ ఆయన. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త లేదు.

నర్సమ్మ ఏడుస్తోంది. ఇంజెక్షన్ మొహం మీద కన్నీళ్ళు ఎటు కారాలో తెలియక ఆగి ఆగి కారుతున్నాయి. “ఆ గుమాస్తా అడిగిన మాట... ఎక్కడ పట్టుకున్నావే తల్లీ?”

చెప్పాలి. కళ్ళద్దాలావిడ నోరు తెరిచింది. చదివింది నేను కాదు అనాలి. అంటే ఆ ఇరవై ఎవరివి? పద్నాలుగు వచ్చిన నర్సమ్మ కథ వెళ్తుంది. ఇద్దరికీ జ్వరం వచ్చిన కథ.

“ఏదో...” అంది. “అలా వచ్చేసింది.”

మర్నాడు పొద్దున పోస్టుమ్యాన్ వీధిలో ఉత్తరాలు జారవిడిచాడు. వంగి ఏరుకోబోతే కుడిచేతి అయిదు వేళ్ళకూ పట్టు లేదు. మాస్టారు మిషన్ తొడుగు తీసి ఒక్క అక్షరం కొట్టలేకపోయాడు. కథానాయకుడు ఇక బస్సు దిగడు. నర్సమ్మ చెంచా పట్టుకోలేక ఎడమచేత్తో తింటోంది. బేకరీ ఆయన కుడిచేత్తో కలిపిన పిండి పొంగడం మానేసింది. ఎడమచేత్తో కలిపితే మామూలుగానే పొంగుతోంది. డాక్టరు నలుగురినీ చూశాడు. నరాలు బాగున్నాయి, రక్తం బాగుంది అన్నాడు. చేతులు మాత్రం ముట్టుకుని చప్పున వదిలేశాడు. వానలో తడిశారు, చలి పట్టింది, సర్దుకుంటుంది అన్నాడు. సర్దుకోలేదు.

కళ్ళద్దాలావిడకు ఒక్క వేలే. దానికి ఊలుతో చిన్న తొడుగు అల్లుకుంది. దుకాణంలో అడిగితే కత్తి కోసుకుందని చెప్పింది. మిగతా వేళ్ళతో పెన్ను పట్టుకోవడం వారంలో అలవాటైంది.

కథ సాపు రాసేటప్పుడు గుమాస్తా దగ్గర ఆగింది. ఆ ఒక్క ప్రశ్న రాస్తే చాలు. కథ మెట్టెక్కుతుంది. రాత్రంతా కాదు, గంటసేపు ఆలోచించింది. రాయలేదు. అది తనది కాదు. నిజాయితీ అనుకుంటే నిజాయితీ, భయమనుకుంటే భయం. పాతదే రాసింది. ఏ రంగు గొడుగు అని గుమాస్తా అడిగాడు. పదకొండు కాగితాలూ కవర్లో పెట్టి అతికించింది. పోస్టుమ్యాన్ దాన్ని ఎడమచేత్తో అందుకున్నాడు.

“ఇది వస్తుందక్కా. నా చెయ్యి పోయినా ఫర్వాలేదు, ఇది రావాలి” అన్నాడు.

ఆవిడ తల వంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే అది వస్తుందని ఆవిడ కూడా అనుకోలేదు. అచ్చువాళ్ళు చూసేది పాత కథే కదా, రెండుసార్లు తిరిగొచ్చిన కథ. కాబట్టి మూడోసారి కూడా తిరిగొస్తుందనీ, అప్పుడు అందరికీ నిజం చెప్పేసి పెన్ను పారేయొచ్చనీ ఒక లెక్క వేసుకుంది. తిరిగిరాలేదు. తీసుకుంటున్నామని ఉత్తరం వచ్చింది. నాలుగు నెలలకు పుస్తకం వచ్చింది. పేరు తప్పు లేకుండా పడింది. ఒక్క అక్షరం మార్చలేదు. తన పదకొండు కాగితాలూ ఏడు పేజీలయ్యాయి.

పుస్తకం వచ్చాక మొదటి ఆదివారం మధ్యాహ్నం భర్త బల్ల దగ్గర కూర్చుని, చేతులు సబ్బుతో కడుక్కుని మరీ పుస్తకం తెరిచాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆయన మొహం చూస్తూ ఉంది. పద్నాలుగేళ్ళలో తన కథ ఒక మనిషి చదువుతుంటే మొహం చూడటం అదే మొదటిసారి. ఒక పేజీ తిప్పాడు. నవ్వాడు. రెండో పేజీ తిప్పాడు. మూడో పేజీ సగంలో ఆగి, తల తిప్పి, భుజం మీదుగా వెనక్కి చూశాడు. మళ్ళీ పుస్తకంలోకి వచ్చాడు.

“ఏం చూశారు?”

“ఎక్కడ?”

“ఇప్పుడే. వెనక్కి.”

“నేనెందుకు చూస్తానే? చదువుతుంటే మధ్యలో అడ్డుపడకు. బాగుంది.”

వెనక బీరువా ఉంది. బీరువాకూ ఆయనకూ మధ్య ఏమీ లేదు.

సాయంత్రం నర్సమ్మ వచ్చి చదివింది. మూడో పేజీలో వెనక్కి చూసింది. అడిగితే, లేదే అంది. మర్నాడు మాస్టారు. ఆ మర్నాడు కింద ఇనుప కొట్టు ఓనరు, జన్మలో కథ చదవని మనిషి, తూకం వేస్తూ చదివి మూడో పేజీలో వెనక్కి చూశాడు. దుకాణంలో కొత్త కళ్ళజోడు పెట్టి, అక్షరాల పలకకు బదులు ఆ పుస్తకమే చేతికిచ్చి చూసింది. వచ్చిన తొమ్మిది మందీ అంతే. ఎవర్నడిగినా చూడలేదనే అన్నారు. ఆ పేజీలో ఏముందా అని కళ్ళద్దాలావిడ ఒకటికి పదిసార్లు వెతికింది. తను రాసిందే ఉంది. ఒక గుమాస్తా, ఒక గొడుగు, ఏ రంగని ఒక ప్రశ్న.

నిన్న అచ్చువాళ్ళ దగ్గర నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. మొదట వేసిన వెయ్యి ప్రతులూ నెలలో అయిపోయాయట. ఇంకో అయిదు వేలు వేస్తున్నారు.